బంగారు నానో కణాలను జతకట్టి కాంతి పరిక్షేపణాన్ని పెంచడం: కాచడం నుంచి కొలవడం దాకా

గర్భ నిర్ధారణ కిట్‌లో కనిపించే ఎర్ర గీత, చాలా కిట్లలో, బంగారమే. 40 నానోమీటర్ల దరిదాపుల్లో ఉండే బంగారు కణాలు అక్కడ కోట్లలో పోగుపడి ఎర్రగా కనిపిస్తాయి. ఇవే కణాలు నీళ్లలో విడివిడిగా తేలుతుంటే ద్రాక్షరసం రంగు, దగ్గరికి చేరితే వంకాయ రంగు, ముద్దకడితే నీలం. 1857లో లండన్‌లో మైకేల్ ఫారడే ఇదంతా చూశాడు. తన ఎర్ర బంగారు ద్రవంలో ఉప్పు వేస్తే నీలంగా మారుతోందని రాసుకున్నాడు. ఆయన చేసిన సీసాల్లో కొన్ని ఇప్పటికీ అక్కడి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఎర్రగానే ఉన్నాయి.

రంగు మార్చడం తేలిక, చిటికెడు ఉప్పు చాలు. కష్టమంతా కణాలను జతలుగా కలిపి, అక్కడితో ఆపి, పెరిగిన కాంతి ఆ జతల నుంచే వస్తోందని నిరూపించడంలో ఉంది. ఈ మార్గదర్శి ఆ పని కోసం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు చదువుతున్నారనుకుని రాస్తున్నాను. ఫ్యూమ్ హుడ్, అంటే ఆవిర్లను బయటికి లాగే అర, లేని చోట, ఇంట్లో, ఇది చేయకండి.

బీకర్ పట్టుకునే ముందు ఒక లెక్క

తరంగదైర్ఘ్యం కన్నా బాగా చిన్న కణం మీద కాంతి పడితే, అది మింగే కాంతి దాని ఘనపరిమాణాన్ని బట్టి, అంటే వ్యాసార్ధం మూడో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. చెదరగొట్టే కాంతి, అంటే పరిక్షేపణం, మాత్రం ఘనపరిమాణం వర్గాన్ని, అంటే వ్యాసార్ధం ఆరో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. రెండు కణాలు పక్కపక్కన అతుక్కుంటే అవి చెదరగొట్టే తరంగాలు ఒకదానితో ఒకటి కలుస్తాయి. కాబట్టి జత ఇచ్చే కాంతి ఒంటరి కణం ఇచ్చేదానికి రెండింతలు కాదు, నాలుగింతలు. దీనికి తోడు బంగారంలోని ఎలక్ట్రాన్ల ఊగిసలాట, అంటే ప్లాస్మాన్, పక్క కణంతో ముడిపడి ఎరుపు వైపు జరుగుతుంది. మధ్య సందు ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ జరుగుతుంది.

ఇప్పుడు ఈ ప్లాస్మాన్ జరుగుడును కాసేపు పక్కనపెట్టి వంద కణాలు తీసుకోండి. ఒక్కొక్కటి ఒక యూనిట్ కాంతి చెదరగొడుతుంది, మొత్తం 100. మొదటి ట్యూబులో 90 కణాలు జతలు కట్టాయి: 45 జతలు, ఒక్కొక్కటి 4, అంటే 180. మిగిలిన ఒంటరివి 10. మొత్తం 190. రెండో ట్యూబులో పది కణాలు ఒకే ముద్దయ్యాయి: పది వర్గం 100. మిగతా 90 ఒంటరివి. మొత్తం అదే 190.

మొదటిది మీరు చేయాలనుకున్న పని, రెండోది చెడిపోయిన పని. మీటర్ మీద అంకె మాత్రం ఒకటే. కింద చెప్పే పద్ధతిలో ప్రతి అడుగూ ఈ రెండు ట్యూబులను వేరు చేసుకోవడానికే.

గాజు సామాను

బీకర్, కండెన్సర్, స్టిర్ బార్ అన్నిటినీ రాజద్రావకంతో కడగాలి. మూడు వంతుల హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఒక వంతు నత్రికామ్లం నెమ్మదిగా పోయాలి. హుడ్ కిందే, గాగుల్స్, మందపాటి గ్లవ్స్‌తో. ఎసిటోన్, ఇథనాల్ తడి ఉన్న పాత్రలో ఎప్పుడూ పోయకండి, పేలే ప్రమాదం ఉంది. మిగిలినదాన్ని బిగించిన సీసాలో దాచకండి, వాయువు పుట్టి సీసా పగులుతుంది. తర్వాత శుద్ధజలంతో పది సార్లు తొలవండి. పది అంటే పదే. గోడకు పాత బంగారం ఆవగింజలో వందో వంతు మిగిలినా కొత్త కణాలు దాని చుట్టూ పెరగడం మొదలుపెడతాయి, సైజులన్నీ చెదిరిపోతాయి.

బంగారం కాచడం

బంగారు ద్రావణాన్ని మరిగించి, సిట్రేట్ పోసి కణాలు పుట్టించే పద్ధతిని 1951లో టర్కెవిచ్ బృందం స్థిరపరిచింది. సిట్రేట్ పాళ్లు మార్చి కణం సైజును అదుపు చేయవచ్చని 1973లో ఫ్రెన్స్ చూపాడు. మనకు ఆయన కొలతలే పనికొస్తాయి.

మన కణాలకు బంగారం ఇచ్చే క్లోరోఆరిక్ ఆమ్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి రోజూ కొంచెం కొంచెం తూచకండి, తూకం తప్పుతుంది. ఒక గ్రాము సీసా కొన్నరోజే మొత్తం 100 మి.లీ. శుద్ధజలంలో కరిగించి 1 శాతం స్టాక్ చేసి, ముదురు గోధుమరంగు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. స్టీలు గరిట తగలనివ్వొద్దు, ఈ ఆమ్లం దాన్ని తినేస్తుంది, బంగారం గరిట మీదే దిగుతుంది. ట్రైసోడియం సిట్రేట్ 1 శాతం ద్రావణం మాత్రం ఏ రోజుకారోజు తాజాగా చేసుకోవాలి.

49.5 మి.లీ. నీళ్లలో 0.5 మి.లీ. బంగారు స్టాక్ కలిపి, కండెన్సర్ పెట్టి, గట్టిగా కలియబెడుతూ మరిగించండి. బుడగలు సమంగా వస్తున్నప్పుడు సిట్రేట్ 0.5 మి.లీ. ఒక్కసారిగా, తిరగమోత గుమ్మరించినట్టు పోయాలి. చుక్కచుక్కగా పోస్తే ఒక్కో చుక్కా ఒక్కో తరం కణాలను పుట్టిస్తుంది. లేత పసుపు రంగు పోయి ముందు నీళ్లలా తేటపడుతుంది. తర్వాత మసి కలిసినట్టు బూడిదరంగు, ఆపైన ముదురు ఊదా, చివరికి ఎరుపు. మొదటిసారి చేసేవాళ్లు ఆ బూడిదరంగు దగ్గర టెన్షన్ పడి పారబోస్తుంటారు. ఆగండి. ఎరుపు వచ్చాక కూడా ఇంకో 20 నిమిషాలు మరగనిచ్చి, కలియబెడుతూనే చల్లార్చండి.

ఫ్రెన్స్ పట్టిక ప్రకారం ఈ పాళ్లకు సగటున 41 నానోమీటర్ల కణాలు వస్తాయి. సిట్రేట్ 1 మి.లీ. పోస్తే 16, 0.3 పోస్తే 71.5. చిన్నవి తీసుకోవచ్చు కదా అని అడుగుతారు. ఆరో ఘాతం గుర్తుచేసుకోండి: 41 నానోమీటర్ల కణం 16 నానోమీటర్ల కణం కన్నా సుమారు 280 రెట్లు ఎక్కువ కాంతి చెదరగొడుతుంది. పెద్దవి ఇంకా మంచివే, కానీ ఈ పద్ధతిలో సైజు పెరిగేకొద్దీ కణాలు గుండ్రంగా, ఒకేలా రావు. 41 దగ్గర రాజీ పడదాం.

యూవీ-విజిబుల్ స్పెక్ట్రమ్, అంటే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి ఆగిపోతుందో చూపే వక్రం, తీయండి. శిఖరం 530 నానోమీటర్లకు కాస్త ఇటుగా, సన్నగా, ఎత్తు 1కి దగ్గరగా ఉండాలి. 650 దగ్గర వక్రం దాదాపు నేల మీద ఉండాలి. అక్కడ తోక లేచి ఉంటే కణాలు ఇప్పటికే ముద్దకట్టి ఉన్నాయి, ఆ బ్యాచ్‌తో జతలు కట్టే ఆలోచన మానుకోండి. బాగా వచ్చినదాన్ని ఫ్రిజ్‌లో దాచవచ్చు. గడ్డకట్టే అరలో మాత్రం వద్దు, ఒకసారి గడ్డకడితే ఆ కణాలు మళ్లీ విడిపోవు.

లింకర్ ఎంత వేయాలి

లింకర్ అంటే రెండు కణాలను కలిపే అణువు. చాలామంది దాన్ని చేతికొచ్చినంత వేసేస్తారు. లెక్క వేసుకుంటే అరగంట పని, వేసుకోకపోతే నెల పని.

మన ద్రావణంలో బంగారమంతా 41 నానోమీటర్ల గోళాలుగా మారిందనుకుంటే కణాల సాంద్రత సుమారు 0.12 నానోమోలార్. అంటే మి.లీ.కు దాదాపు 7,000 కోట్ల కణాలు. ఒక్కో కణం ఉపరితలం సుమారు 5,300 చదరపు నానోమీటర్లు. గంధకం కొసతో బంగారాన్ని పట్టుకునే థయోల్ అణువు ఒక్కోటి దాని మీద పావు చదరపు నానోమీటరు కన్నా కొంచెం తక్కువ చోటు తీసుకుంటుంది. అంటే కణం నిండా ఒక పొర పరచడానికి 22,000 అణువులు కావాలి.

1,4-బెంజీన్‌డైథయోల్ అణువుకు రెండు కొసల్లోనూ బంగారాన్ని పట్టుకునే గంధకం ఉంటుంది. ఒక కొస ఈ కణాన్ని, ఇంకో కొస పక్క కణాన్ని పట్టుకుంటే జత కుదిరినట్టే. మధ్య సందు ఒక నానోమీటరు కన్నా తక్కువ. ఇక మోతాదు సంగతి: మరీ తక్కువ వేస్తే ఏ కణానికీ జత కుదరదు. మరీ ఎక్కువ వేస్తే ప్రతి కణం ఒళ్లంతా లింకర్ కప్పుకుంటుంది, సిట్రేట్ ఇచ్చిన రుణావేశం పోతుంది, కణాలు అదుపు లేకుండా ముద్దకడతాయి. మనకు కావలసింది ఈ రెంటికీ నడిమి సందు.

ఇథనాల్‌లో 1 మిల్లీమోలార్ స్టాక్ చేసి, దాన్నుంచి 0.1, 0.3, 1, 3, 10, 30 మైక్రోమోలార్ ద్రావణాలు తయారుచేయండి. 1 మి.లీ. బంగారానికి ఒక్కోదాన్నుంచి 100 మైక్రోలీటర్లు కలిపితే కణానికి వరుసగా 83, 250, 830, 2,500, 8,300, 25,000 అణువులు అందుతాయి. మీ బ్యాచ్‌కు సరిపడే మోతాదు ఈ వరుసలో ఎక్కడో ఉంటుంది. బ్యాచ్ మారితే అది కూడా మారుతుంది, పోయిన నెల నోట్‌బుక్ చూసి వేయకండి.

ఈ లింకర్ కంపు గురించి ముందే చెప్పాలి. హుడ్ బయట సీసా తెరిస్తే అంతస్తు మొత్తానికి తెలుస్తుంది. వాడిన టిప్పులను హుడ్‌లోనే బ్లీచ్ ద్రావణంలో ముంచండి. ఆ బ్లీచ్ దరిదాపుల్లోకి ఆమ్లం రానివ్వకండి, క్లోరిన్ వాయువు వస్తుంది.

కలపడం, ఆపడం

కణాల మధ్య వికర్షణ పూర్తిగా పోయిందనుకోండి. మన సాంద్రత దగ్గర అవి ఒకదాన్నొకటి ఢీకొట్టి అతుక్కుని, కణాల సంఖ్య సగం కావడానికి పట్టే కాలం రెండు మూడు సెకన్లు. పైపెట్ బయటికి తీసేలోపు కథ అయిపోతుంది. అందుకే రెండు జాగ్రత్తలు. మొదటిది, గాఢమైన లింకర్ ఒక్క చుక్క వేయడం కాదు, పలచటిది 100 మైక్రోలీటర్లు, ట్యూబ్ వోర్టెక్స్ మీద, అంటే గిరగిరా కలిపే యంత్రం మీద, తిరుగుతుండగా వేయాలి. రెండోది, వికర్షణను పూర్తిగా చంపకూడదు, కొద్దిగా తగ్గించాలి.

తగ్గించడానికి ఉప్పు. నీళ్లలో ఉప్పు 1 మిల్లీమోలార్ ఉంటే కణం ఆవేశం ప్రభావం సుమారు 10 నానోమీటర్ల దాకా పాకుతుంది, 10 మిల్లీమోలార్ ఉంటే 3 నానోమీటర్లకు కుంచించుకుపోతుంది. లింకర్ పొడవు ఒక నానోమీటరు కూడా లేదు కాబట్టి కణాలు అంత దగ్గరికి రావాలంటే ఈ తెర కొంచెం పలచబడాలి. ముందు లింకర్ వేసి పది నిమిషాలు ఉంచండి, అణువులు ఒక కొసతో కుదురుకుంటాయి. తర్వాత ఉప్పు 5 మిల్లీమోలార్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోండి.

పక్కనే మూడు ట్యూబులు తప్పనిసరి. ఒకటి, లింకర్ లేకుండా అంతే ఉప్పు, అంతే ఇథనాల్ వేసిన బంగారం. రెండు, బంగారం లేకుండా లింకర్, ఉప్పు. మూడు, ఒకే కొసలో గంధకం ఉన్న థయోఫినాల్ వేసిన బంగారం. ఈ మూడోది పట్టుకుంటుంది గానీ కలపలేదు. అది కూడా రంగు మారితే మీరు జతలు కట్టడం లేదు, ఆవేశం పోగొట్టి ముద్దచేస్తున్నారంతే.

రెండో ట్యూబు ఎందుకని అనిపిస్తుంది. నాకూ అనిపించింది, అందుకే పెట్టలేదు. లింకర్ పెంచేకొద్దీ కాంతి చక్కగా పెరుగుతూ పోతోందని ఆరు వారాలు గ్రాఫులు గీశాను. ఒకరోజు బంగారం పోయడం మర్చిపోయిన ట్యూబును పొరపాటున కొలిచాను, అందులోనూ కాంతి పెరిగింది. ఆ లింకర్ నీళ్లలో సరిగా కరగదు. ఇథనాల్ నుంచి నీళ్లలోకి రాగానే ఎక్కువ మోతాదుల దగ్గర సన్నటి తుంపరలుగా విడిపోతోంది, కాంతిని ఆ తుంపరలే చెదరగొడుతున్నాయి. ఆరు వారాల గ్రాఫుల్లో బంగారం వాటా ఎంతో తేల్చుకోలేక అన్నీ పక్కన పడేశాను.

ఆపడానికి పీవీపీ, అంటే పాలీవినైల్ పైరాలిడోన్, 1 శాతం ద్రావణం 100 మైక్రోలీటర్లు వేసి వోర్టెక్స్ చేయండి. అది కణాల చుట్టూ దుప్పటిలా కప్పుకుని కొత్త ఢీకొట్టుళ్లు అంటుకోకుండా చూస్తుంది. ఎప్పుడు ఆపాలి? 1, 2, 5, 10, 20 నిమిషాలకు వేర్వేరు ట్యూబుల్లో ఆపి చూడండి. ఎరుపులో కొంచెం ఊదా జీర కనబడగానే ఆపినవి సాధారణంగా మంచివి. పూర్తి నీలం దాకా వెళితే జతల దశ ఎప్పుడో దాటిపోయినట్టే.

కాంతి కొలవడం

పరికరం దగ్గరికి వెళ్లేముందు ఒక చవక పరీక్ష. ఆపిన ట్యూబును, లింకర్ వేయని ట్యూబును పక్కపక్కన గాజు సీసాల్లో పెట్టి, గదిలో లైట్లు ఆర్పి, ఎర్ర లేజర్ పాయింటర్ వేయండి. కంటికి నేరుగా తగలకుండా పక్కనుంచి చూడండి. ఒంటరి కణాల సీసాలో 650 నానోమీటర్ల ఎరుపు దాదాపు ఏమీ పట్టనట్టు దాటిపోతుంది, గీత లీలగా ఉంటుంది. కలిసిన కణాల సీసాలో అదే గీత, పెంకుల సందులోంచి దుమ్ములో పడ్డ ఎండలా, స్పష్టంగా వెలుగుతుంది. ఆకుపచ్చ లేజర్‌తో ఈ తేడా ఇంతగా కనబడదు. 532 దగ్గర ఒంటరి కణాలు కూడా చురుగ్గానే ఉంటాయి మరి.

అంకెల కోసం మామూలు ఫ్లోరిమీటర్ చాలు. ప్రేరక, ఉద్గార తరంగదైర్ఘ్యాలు రెండూ ఒకటే ఉండేలా, తేడా సున్నాగా పెట్టి, 350 నుంచి 750 దాకా కలిపి స్కాన్ చేయాలి. ఈ కిటుకును 1990లలో పాస్టర్నాక్, కాలింగ్స్ ప్రచారంలోకి తెచ్చారు. నమూనాను 20 రెట్లు పలచన చేయండి. గాఢంగా ఉంటే చెదిరిన కాంతిని బయటికి రాకముందే పక్క కణాలు మింగేస్తాయి, శిఖరం అసలు చోట కాకుండా ఇంకెక్కడో కనబడుతుంది. పలచన చేసే నీళ్లు 0.22 మైక్రాన్ ఫిల్టర్ దాటాలి. ఒక్క దుమ్ము రేణువు కొన్ని లక్షల కణాలంత గోల చేస్తుంది. స్లిట్లు సన్నగా, డిటెక్టర్ వోల్టేజీ తక్కువగా ఉంచి, సంకేతం పరిమితి దాటలేదని సరిచూసుకోండి.

వచ్చిన వక్రాన్ని నేరుగా నమ్మొద్దు, దీపం ఏ రంగులో ఎంత వెలుగుతుందో ఆ హెచ్చుతగ్గులు కూడా అందులో కలిసి ఉంటాయి. నీళ్ల సంకేతం తీసేసి, కలిసిన నమూనాను కలవని నమూనాతో భాగించండి, దీపం కొట్టుకుపోతుంది. ఆ నిష్పత్తి 530 దగ్గర ఓ మోస్తరుగా, 620–650 దగ్గర బాగా ఎక్కువగా ఉండాలి. "ఇన్ని రెట్లు పెరిగింది" అని రాసేటప్పుడు ఏ తరంగదైర్ఘ్యం దగ్గరో కూడా రాయండి. ఒంటరి కణాలు దాదాపు ఏమీ ఇవ్వని చోట వాటి అంకెతో దేన్ని భాగించినా పెద్ద అంకే వస్తుంది.

చెదిరిన కాంతి మినుకులను బట్టి కణాల సైజు చెప్పే డీఎల్‌ఎస్ యంత్రం ఉంటే వాడండి గానీ, దాని తీవ్రత గ్రాఫు కూడా అదే ఆరో ఘాతానికి బానిస. నాలుగు ముద్దలుంటే ద్రావణమంతా ముద్దలే అన్నట్టు చూపిస్తుంది.

చుక్కలు చూసి లెక్కపెట్టడం

190, 190 లెక్క తేలేది డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపు కిందే. కవర్‌స్లిప్‌కు, కణాలు అతుక్కునేలా, పాలీలైసిన్ పూసి, బాగా పలచన చేసిన నమూనా ఒక చుక్క వేసి, ఐదు నిమిషాల తర్వాత నీళ్లతో కడగండి. దీపం కాంతి పక్కల నుంచి పడుతుంది, చెదిరినదే కంటికి చేరుతుంది, కాబట్టి నల్లటి తెర మీద నక్షత్రాల్లా చుక్కలు. ఒంటరి కణాలు ఆకుపచ్చ. 41 నానోమీటర్లవి మసకగా ఉంటాయి, కంటికంటే కెమెరా నయం. జతలు పసుపు–నారింజ నుంచి ఎరుపు దాకా, వాటికన్నా చాలా కాంతివంతంగా ఉంటాయి. ముద్దలు కళ్లు చెదిరేలా, తెల్లగానో పసుపుగానో ఉంటాయి.

ఎర్ర చుక్క జతేనా, లేక మూడు నాలుగు కణాల గుత్తా? కెమెరా ముందు పోలరైజర్ పెట్టి మెల్లగా తిప్పండి. జతకు ఒక పొడవైన అక్షం ఉంటుంది, ఎర్ర కాంతి ఆ అక్షం వెంటే ధ్రువణం చెంది వస్తుంది. తిప్పుతుంటే చుక్క మసకబారి, 90 డిగ్రీలకు దాదాపు ఆరిపోయి, 180కి మళ్లీ వెలుగుతుంది. పక్కనున్న ఆకుపచ్చ ఒంటరి చుక్క ఎంత తిప్పినా దాదాపు అలాగే ఉంటుంది. వరసగా ఉన్న మూడు కణాలు కూడా జతలాగే ఆరిపోతాయి కాబట్టి ఇది తిరుగులేని రుజువు కాదు, కానీ గుండ్రటి ముద్దలన్నీ ఇక్కడే బయటపడతాయి. కనీసం 200 చుక్కలు లెక్కపెట్టి, ఒంటరి, జత, ఇతరం అని మూడు గడులు వేయండి. మిగతా సందేహం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తీర్చాలి. అక్కడ నమూనా చుక్క ఎండేటప్పుడు కూడా కణాలు దగ్గరికి చేరతాయి, కలవని నమూనాను కూడా పక్కనే చూసి ఆ మేరకు తగ్గించుకోండి.

రామన్ సంకేతం

జత మధ్య సందులో కాంతి క్షేత్రం విపరీతంగా పోగుపడుతుంది. మన లింకర్ అణువు కూర్చున్నది సరిగ్గా అక్కడే. అందుకే 633 నానోమీటర్ల లేజర్ వేసి రామన్ స్పెక్ట్రమ్, అంటే అణువుల కంపనాల వల్ల రంగు మారి చెదిరే కాంతి వక్రం, తీస్తే 1,560 తరంగసంఖ్య దగ్గర బెంజీన్ వలయం గీత, 1,060 దగ్గర ఇంకోటి లేచి కనబడతాయి. 1928లో ఈ ప్రభావాన్ని కనుగొన్న సి.వి. రామన్ చిన్నప్పుడు చదువుకున్నది విశాఖపట్నంలోనే, అక్కడి ఎ.వి.ఎన్. కాలేజీలో ఆయన తండ్రి అధ్యాపకుడు. 880 దగ్గర గీత వస్తే మాత్రం మురిసిపోకండి, అది ఇథనాల్‌ది. అదే మోతాదు లింకర్, బంగారం లేకుండా, ఇదే లేజర్ కింద లింకర్ గీతలేవీ చూపకూడదు. ఆ రెండో ట్యూబు ఇక్కడ కూడా పనికొస్తుంది.

పని అయ్యాక బంగారం మిగులు అంతా ఒకే సీసాలో పోగుచేసి, మీద తేదీ, "బంగారం, థయోల్" అని రాసి ప్రమాదకర వ్యర్థాల అరలో పెట్టండి. రాజద్రావకం కడుగునీళ్లు వేరే సీసా, మూత వదులుగా.